ముసుగోని చేతిల కొడవలి

ముసుగోని సినిమా మొదటి భాగం చూసినప్పుడు వారం రోజులు అమ్మ పక్కలనే పండుకున్న. గా భయం మళ్ళ దొరుకుతదని ఇయ్యాల దేవరకొండల మ్యాట్నీకి ఏడో భాగం చూడ పోయిన. ముసుగోడు కొడవలి పట్టుకొని వస్తుండు, నరుకుతుండు, సస్తుండు, మళ్ళ లేస్తుండు. హాల్ల పదిమందిమి గూడ లేము. ఒక్కరు అరవలే. నాకైతే ఆవులింతలు.

గప్పుడే పక్కసీట్ల కాగితం చప్పుడైంది. తిరిగి చూస్తే, తెర వెలుగుల నిజం కొడవలి తళుక్కుమంది. అది మెల్లగ నా మోకాలి దాక వచ్చింది. గట్టిగ అరిచిన.

"ఎందుకు బిడ్డా గట్ల మొత్తుకుంటవు?" అన్నది కొడవలి పట్టుకున్న ముసలవ్వ. "బర్రెలకు గడ్డి కోసేది. మొండిబోయిందని కమ్మరి దగ్గర కక్కు పెట్టిచ్చుకొచ్చిన. బస్సుకు టైముందని చల్లగ ఈడ కూసున్న. చూడు, కొడవలి గిట్ల పట్టాలె. వాడు పట్టినట్టు పడితే ముందు వాని వేళ్ళే తెగుతయి."

అటెన్క ముసుగోడు వచ్చినప్పుడల్లా నేను వాని వేళ్ళ కోసమే భయపడ్డ. ఏడు సినిమాలు తీసినోళ్ళు ఒక్కనాడన్న గడ్డి కోసేటోళ్ళను అడిగిండ్రా? ఎనిమిదో దానికి ఎవరన్న పోతే జర చెప్పుండ్రి, వానికి వేళ్ళన్నీ ఉన్నయో లేవో.