ఈశాన్యం మూల ఎలుకలు

అమలాపురం దగ్గరి ఒక ఫార్మసీ కాలేజీ వారు జంతు ప్రయోగాల కమిటీలో నన్ను బయటి సభ్యుడిగా వేసుకున్నారు. నిబంధన ప్రకారం అలాంటివాడొకడు ఉండాలి. సంతకం పెట్టి, ఉప్మా తిని వెళ్ళిపోయేవాడైతే వాళ్లకు ఇంకా సుఖంగా ఉండేది.

ఆ రోజు ఒక పరిశోధక విద్యార్థిని పని చూడాలి. ప్రయోగం కోసం కీళ్లు వాచేలా చేసిన ఎలుకల్లో సగానికి ఆమె ఒక ఆకు రసం పట్టింది, సగానికి ఉత్త నీళ్లు. ఒక్కో ఎలుక చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు, పంజరం అడుగున దాన్ని పసిగట్టే సెన్సార్ పలక. ఎలుక కదిలితే తెర మీద చుక్క కదులుతుంది. మందు తాగిన చుక్కలు తెగ తిరుగుతున్నాయి. నీళ్లు తాగినవి ముడుచుకున్నాయి. ఇంత చక్కగా కుదిరిన ఫలితం చూస్తే నాకు అనుమానమే పుడుతుంది.

“ఈ చుక్క ఎలుకేనని ఏమిటమ్మా నమ్మకం?”

ఆమె ఒక ఎలుకను పంజరంలోంచి బయటికి తీసింది. ఆ చుక్క మాయమైంది. సరే, యంత్రం అబద్ధమాడడం లేదు. మరి మందు పంజరాలన్నీ ఒకే మూల ఎందుకున్నాయి?

ఆమె గైడు ప్రొఫెసరుగారు నవ్వారు. “ఈశాన్యం కదండీ. కొత్త మందు, మంచి మూలలో మొదలెట్టేం.”

“నీళ్ల ఎలుకలకో?”

“మిగిలిన మూల ఇచ్చేమండీ.”

మిగిలిన మూలలో గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది. పంజరాల స్టాండు మీద చెయ్యి వేస్తే ఫ్యాను అదురుకు నా వేళ్లే వణికాయి. వాస్తు గదిలోకి వచ్చాక సెన్సారు ఎంత నిజం చెప్పినా అది వాస్తు చెప్పించిన నిజమే. రెండు స్టాండ్లనూ అటుదిటు, ఇటుదటు మార్చమన్నాను.

“ఎలుకల మీద కూడా అనుమానమేనా మాస్టారూ?” అన్నారు ప్రొఫెసరుగారు.

“ఎలుకల మీద లేదండీ, మూల మీద.”

ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. “తేడా వస్తే నా థీసిస్సు మళ్లీ మొదటికొస్తాదండీ. ఈ యేడుతో గడువైపోద్ది.”

“తేడా రాకపోతే నిన్నెవరూ వేలెత్తి చూపలేరమ్మా” అన్నాను. ఆ జవాబు ఆమెకు రుచించలేదు.

తర్వాతి వారం కమిటీ అంతా వెళ్ళేసరికి తెర తిరగబడింది. మందు చుక్కలు ముడుచుకున్నాయి, నీళ్ల చుక్కలు షికారు చేస్తున్నాయి.

“చోటు మారితే బెంగ పెట్టుకుంటాయి కదండీ. పాత చోట పెట్టేస్తే సర్దుకుంటాయి” అన్నారు ప్రొఫెసరుగారు.

ఆ సర్దుకోవడమనే మాట వినగానే సంతకం పెట్టకుండా కలం జేబులో పెట్టేశాను. మిగతా సభ్యులు పెళ్లిలో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ అమ్మాయి మాత్రం తెర మీంచి కళ్లు తిప్పలేదు.

“వద్దండీ సార్. మళ్లీ మొదలెడతాను” అంది.

కొన్నాళ్లకు కొత్త దరఖాస్తుతో వచ్చింది. ఫ్యాను లేని గది. ఏ పంజరం ఎక్కడుండాలో చీటీలు తీసి నిర్ణయించింది. గడువు పొడిగించమని యూనివర్సిటీకి అర్జీ పెట్టుకుంది, జవాబు ఇంకా రాలేదు.

“చీటీలు ఎవరు తీశారమ్మా?”

“నేనేనండీ. సార్ మాత్రం వర్జ్యం వెళ్ళేదాకా ఆగమన్నారు.”

“ఆగావా?”

“ఆయ్. ఈలోగా టీ తాగేనండీ.”

వర్జ్యం వల్ల ఎలుకల నడక మారదు గనుక సంతకం పెట్టాను. పెట్టే ముందు ఆ కొత్త గది గోడలన్నీ ఒకసారి తడిమి చూశాను.