బాపు తిరగరాయని నోటు

నేను పదో తరగతిలో ఉన్న ఏడు మా బాపుకు చక్రవడ్డీ లెక్క చెప్పాను. ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

మాది ధర్పల్లి దగ్గర పల్లె. మూడెకరాల పసుపు. బోరు వేయడానికి బాపు నిజామాబాద్‌లో ఒక వ్యాపారి దగ్గర, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి వెళ్లి అప్పు నోటు తిరగరాసి వచ్చాడు. రెండో ఏడు పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, బస్తాలకెత్తాక అమ్మనన్నాడు.

"ఇప్పుడు ధర లేదు. ఇంకో ఏడాది ఆగుదాం. నోటు మల్ల రాసిస్త."

ఇవ్వాల్సింది ఎంతో అడిగాను. డెబ్బై ఆరు వేల ఎనిమిది వందల ఎనభై అన్నాడు. కాగితం తీసుకుని కూర్చున్నాను.

"బాపూ, మొదటి ఏడు వడ్డీ పన్నెండు వేలే. రెండో ఏడు పద్నాలుగు వేల ఎనిమిది వందల ఎనభై పడ్డది."

"రేటు పెంచిండా?"

"లేదు. మనం కట్టని పన్నెండు వేలు అసల్ల కలిసినయి. వాటికి గూడ వడ్డీ పడ్డది. ఇప్పుడు మల్ల రాస్తే వచ్చే ఏడుకు తొంభై అయిదు వేలు దాటుతది."

బడి మొహం చూడని మా అమ్మ, మేం అవ్వ అనే పిలుస్తాం, పొయ్యి దగ్గరి నుంచి అడిగింది. "మరి పసుపు ధర ఎంత పెరిగితే మనకు గిట్టుతది?"

"రూపాయికి పావలా దాకా పెరగాలె అవ్వా."

"పసుపు ధర పెరుగుతదో లేదో ఎవరికెర్క? వడ్డీ అయితే పెరుగుడే."

బాపు రెండు రోజులు ఆ లెక్క కాగితం జేబులో పెట్టుకుని తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే బస్తాలు బండికెత్తి, నన్నూ రమ్మన్నాడు. మార్కెట్‌లో పసుపు అమ్మి, అప్పు మొత్తం కట్టి, నోటు చింపించుకున్నాం. మరుసటి ఏడుకు ధర కొంచెం పెరిగింది. బాపు నొచ్చుకున్నాడు గానీ, అది పావలా పెరుగుదల కాదని తనే లెక్క కట్టుకున్నాడు.

అవ్వ అక్కడితో ఆగలేదు. "యాభై వేలకు నెలకు వెయ్యి వడ్డీ. గా వెయ్యి మనమే దాసుకుందాం" అని పోస్టాఫీసులో ఖాతా తెరిపించింది. వానలు లేని ఏడు పాలమ్మి కట్టింది. మధ్యలో బాపు ఒకసారి తీద్దామంటే, "ముట్టకు. పైస గిప్పుడే పిల్లలు పెడుతున్నది" అంది.

పదేళ్లకు గడువు తీరింది. అప్పటికి నేను బోధన్‌లో లెక్కల టీచర్ని. కట్టింది లక్షా ఇరవై వేలు. చేతికొచ్చింది లక్షా డెబ్బై వేల పైచిలుకు. పోస్టాఫీసులో నోట్లు అందుకుంటూ బాపు, వెనక వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు.

"నా బిడ్డ లెక్క చెప్పింది, మా ఇంటామె కట్టింది. నేను సంతకం పెట్టిన, గంతే."

నవ్వాపుకోలేక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వారమే మూడెకరాలకూ డ్రిప్పు పైపులు దిగాయి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా.