కారం చేతుల కాపలా

పదిహేడేళ్లు సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి. దేశ భద్రత అంటే ఏమిటో నాకంటే ఎవరికి తెలుసులే అనుకునేవాణ్ణి. రిటైరై ప్రత్తిపాడు పక్కనున్న మా ఊరొచ్చాక అందరూ మిలటరీ ఆయన అంటుంటే ఒళ్లు పొంగిపోయేది. ఆ పొగరుతోనే ఓ పొద్దున ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోంది, హిందీ మాట్లాడేవాళ్లు కనిపిస్తే జాగ్రత్త అని. ఎవరో నాకు పంపిందే. నిజమో కాదో కనుక్కున్నానా అంటే, లేదు. మిలటరీ ఆయన పెట్టాడంటే నిజమేనని ఊరు నమ్మింది.

రెండు గంటలు తిరక్కుండా సెంటర్లో గోల. నేను పరుగెత్తేసరికి, సైకిలు మీద దుప్పట్లు అమ్ముకునే ఒక ఉత్తరాది మనిషిని కరెంటు స్తంభానికి ఆనించి కొడుతున్నారు. బడి దగ్గర ఓ పాపను మంచినీళ్లు అడిగాడట, అంతే. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారుతోంది. ముప్పై నలభై మంది మీద పడి ఉన్నారు. "ఆగండ్రా" అని అరిచాను గానీ నా గొంతు నాకే వినపడలేదు. చచ్చిపోతాడు, నా వల్లే చచ్చిపోతాడు అనిపించింది. సరిహద్దులో ఎన్నడూ అంత భయపడలేదు.

అప్పుడొచ్చారు మా ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు. రోడ్డు పక్క కల్లంలో ఎండిన మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్నవాళ్లు, పదిమంది దాకా, పని వదిలేసి జనాన్ని తోసుకుంటూ లోపలికి దూరారు. అతణ్ణి వెనకేసుకుని చుట్టూ నిలబడ్డారు. చేతుల్లో కర్ర కూడా లేదు. పొద్దుటినుంచీ మిర్చిలో నానిన ఆ అరచేతుల్నే ముందుకు చాపారు.

"రండ్రా, ఎవడొస్తాడో రండి. కళ్లకి పూసి పంపుతాను," అంది సంఘం లీడరు. సన్నటి మనిషి, మా చేలోకీ కూలికొస్తుంది. ముందున్న ఓ కుర్రాడి వైపు తిరిగింది. "ఏరా, నిన్ను చంకనేసుకుని తిప్పాను, నువ్వు మనిషిని చంపుతావా? పోలీసులకి ఫోన్ చేశాం. వాళ్లొచ్చేదాకా ఎవడూ ఈయన్ని తాకడానికి లేదు."

ఒకడు ముందుకు రాబోయి, ఆవిడ చెయ్యి లేవగానే కళ్లు గట్టిగా మూసుకుని వెనక్కి తగ్గాడు. మిగతావాళ్లు మెల్లగా జారుకున్నారు. బంకర్లు, బెటాలియన్లు చూసినవాణ్ణి, అంతటి కాపలా ఎక్కడా చూడలేదు. ఇన్నాళ్లూ దేశాన్ని నేను కాశాననుకున్నాను, లోపల కాస్తున్నది వీళ్లా అనిపించింది.

"మిలటరీ అన్నా, ఇట్రా," అని పిలిచిందావిడ, నీళ్ల బిందె చూపిస్తూ. "మా చేతులు తగిలితే మండి చస్తాడు. నీ చేతులు శుభ్రంగా ఉన్నాయిగా, మొహం నువ్వు కడుగు."

కడిగాను. హిందీలో పలకరించాను. అతను కళ్లు తెరిచి, కాపాడింది నేనే అనుకున్నాడో ఏమో, నా రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"చెల్లెమ్మా, ఆ మెసేజ్ పెట్టింది నేనే," అన్నాను ఆవిడతో.

"తెలుసు. ఇంకా నెత్తురుంది, నీళ్లు పొయ్యి," అంది.