టెలిస్కోపు అద్దానికి బూడిద

నా చదువు ఏడో తరగతితోనే ఆగిపోయింది. తప్పులుంటే ఏమీ అనుకోకండి. ముందు నోటుపుస్తకంలో రాసుకుని, తర్వాత ఫోనులో ఒక్కొక్క అక్షరమే వెతికి ఎక్కించాను. నా చేతిరాత మీకు కనబడకపోవడమే మేలు...

మా చిన్నప్పుడు ఉదయగిరిలో ఏది మెరవాలన్నా బూడిదే... ఇత్తడి చెంబుకైనా, లాంతరు గాజుకైనా అంతే. పొయ్యిలో బూడిద, కాస్త చింతపండు, గుప్పెడు కొబ్బరిపీచు. మా ఇంట్లో ఆ పని నాది. నేను తోమిన చెంబులో ముఖం చూసుకోవచ్చని అమ్మీ నలుగురికీ చెప్పేది.

మా అబ్బా కొయ్య గరిటెలు చెక్కేవాడు. పువ్వులు చెక్కిన గరిటె ఆయన చేతిలో ఎప్పుడూ విరగలేదు. పనిమంతుడని ఊళ్ళో పేరు... ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

నేను ఏడులో ఉండగా మా సైన్సు సార్ బడి టెలిస్కోపును మా ఇంటికి తెచ్చాడు. నడుమెత్తు గొట్టం, దాని అడుగున సాసరంత అద్దం. గొట్టాన్ని నిలబెట్టి తిప్పే చెక్కపీట వానకు ఉబ్బి పగిలిపోయింది. కొత్తది చేసివ్వమని అబ్బాను అడిగాడు.

"కొట్టేటప్పుడు అదురుతుంది భాయ్... అద్దం తీసి పెడతాను. మూడే మరలు. అయిపోయినాక మళ్ళా ఇట్టాగే బిగించు. దీని మీద మాత్రం వేలు కూడా పెట్టబాక."

ఆ మాట నేను వినలేదు. నీళ్ళకు పోయి ఉన్నాను. తర్వాత ఎప్పుడో అమ్మీ చెబితే తెలిసింది.

సార్ బడిలో నాతో మాత్రం ఇంకో మాట అన్నాడు. "పీట మీ అబ్బా చేస్తా ఉండాడు గదమ్మా, శనివారం సాయంత్రం అందరికీ చంద్రుణ్ణి చూపించేది నువ్వే." తరగతిలో హాజరు పలకడానికే గొంతు రాని పిల్లని నేను. శనివారం దాకా మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు.

శనివారం పొద్దున అబ్బా పీటకు కావలసిన మరల కోసం బజారుకు పోయాడు. గూట్లో అద్దానికి చుట్టిన గుడ్డ విప్పి చూశాను. అద్దం మీద సన్నటి దుమ్ము... సాయంత్రం అందరి ముందూ తళతళలాడాలి కదా అనుకున్నాను. బూడిద, చింతపండు, పీచు... చెంబుకు పెట్టినట్టే గుండ్రంగా రుద్దాను.

కడిగి ఎండకు పట్టాను. మెరవలేదు. పాలు పోసినట్టు తెల్లబారింది. మీదంతా గుండ్రంగా గీతలు... ఇంకోసారి కడిగినా పోలేదు. గుడ్డ చుట్టి మళ్ళా గూట్లోనే పెట్టేశాను.

మధ్యాహ్నం అబ్బా పీట ముగించి గుడ్డ విప్పాడు. చాలాసేపు అద్దాన్నే చూశాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఆయన అద్దాన్ని గొట్టంలో పెట్టాడు. మూడు మరలూ బిగించి, గొట్టం భుజాన పెట్టుకుని బడికి బయలుదేరాడు. నేను పీట ఎత్తుకుని వెనకాలే నడిచాను.

వెలుతురు ఉండగానే సార్ గొట్టాన్ని దుర్గం కొండ మీది బురుజుకు గురిపెట్టాడు. గొట్టం మీదుండే చిన్న దుర్బీను, పెద్ద గొట్టం ఒకే చోటికి చూసేటట్టు మరలు తిప్పి సరిచేశాడు. "ఏంది, ఇంత మసగ్గా ఉండాది? ఎండ కాకకేమోలే... సల్లబడితే సర్దుకుంటుంది" అన్నాడు.

ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. సల్లబడితే సర్దుకుంటుంది... సల్లబడితే సర్దుకుంటుంది...

పొద్దు గుంకింది. పిల్లలూ, పెద్దవాళ్ళూ వరుసగా నిలబడ్డారు. నా స్నేహితురాలు శ్యామల నన్ను మోచేత్తో పొడిచింది. "ఏందే, అట్టా వణకతా ఉండావు? చంద్రుడు ఊడి నీ నెత్తిన పడతాడా?"

పైన సగం చంద్రుడు. సార్ కన్ను పెట్టి మర ముందుకూ వెనక్కూ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. లేచి, టార్చిలైటు గొట్టం మూతిలోకి వేసి లోపలికి చూశాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే" అనాలి. ఒక్క మాట...

"నేనే సార్. దుమ్ముంటే తుడిచినాను." అబ్బా గొంతు!

సార్ ముఖం ఎర్రబడింది. "పెట్టబాకని చెప్పి మరీ ఇస్తిని గదా భాయ్! నీ చెయ్యి సుతారమని నమ్మినాను. గరిటెలు చెక్కే చేతికి దీన్ని ఇయ్యడం నాదే తప్పు."

ఊరంతా వింటోంది. అబ్బా తల దించుకున్నాడు. వరుసలో ఎవరో నవ్వారు. నేను అప్పుడైనా నోరు తెరవలేదు... నిజం చెబితే ఇక ఆ గొట్టాన్ని ముట్టనివ్వరని భయపడ్డాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఇదే.

"సరే, ఉన్నకాడికి చూద్దాం. నువ్వు తిప్పమ్మా" అన్నాడు సార్. తిప్పాను. చంద్రుడు తలకిందులుగా, మంచులో ఉన్నట్టు కనబడ్డాడు. అయినా గుంటలు తెలిశాయి. నిమిషానికోసారి పక్కకు జారిపోతుంటే వేలితో మెల్లగా జరిపి అందరికీ చూపించాను. అబ్బా చేసిన పీట ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. ఆ మాట ఎవరూ అనలేదు.

అబ్బా మాత్రం వరుసలోకి రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

ఇద్దరం ఇంటికి వచ్చాం. అన్నానికి కూర్చోబోతుంటే అబ్బా నా చెయ్యి పట్టుకుని చూశాడు.

"గోళ్ళల్లో బూడిద ఉండాది బేటా... కడుక్కో."

అంతే. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. సార్ మళ్ళీ ఏ పనికీ మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో ఉంటున్నాను. మొన్న అబ్బా వచ్చినప్పుడు మా ఆయన ఫోనులోనే చంద్రుణ్ణి దగ్గరికి లాగి చూపించారు. ఒక్క గీత లేదు... "బాగుండాది" అన్నాడు అబ్బా. "ఆ రోజు నేనే అబ్బా" అనే మాట నోటిదాకా వచ్చింది. టీ పెడతానని లోపలికి వచ్చేశాను.

మీ తప్పు ఎవరైనా నెత్తిన వేసుకున్నారా? ఉంటే కింద రాయండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. ఉదయగిరి వాళ్ళు మాత్రం అబ్బాకు చదివి వినిపించకండి. ఆయన దాచినదాన్ని నేను బయటపెట్టానని బాధపడతాడు.

ఇదే ఉత్తరమైతే చదివి పొయ్యిలో వేసేయమనేదాన్ని... ఇప్పుడు ఎవరింట్లో కట్టెల పొయ్యి ఉంది? బూడిదే లేదు.