మూఢంలో వచ్చిన మరమ్మతు

బరంపురంలో జగదీష్ వేసే పెళ్లిపత్రికలకు మంచి పేరుంది. తెలుగు, ఒడియా రెండింట్లోనూ వేస్తాడు. అతని కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్స్. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక చేసుకుని తయారుచేసి, పైసా అడక్కుండా పంచిపెట్టింది. ఆ కృతజ్ఞత మాత్రం అతనిలో ఏ కోశానా లేదు. డబ్బిచ్చి కొన్నవాడు కూడా అంత దబాయించడు.

ఒకనాడు వధూవరుల ఫోటోలు పెట్టి సేవ్ చేయబోతే ప్రోగ్రామ్ టప్పున మూసుకుపోయింది. తయారీదారుల ఫిర్యాదుల పేజీలో జగదీష్ నిప్పులు చెరిగాడు. వాళ్లు ఓపిగ్గా క్షమాపణ చెప్పి, వారం తిరక్కుండా లోపం సరిచేసి అప్‌డేట్ పంపారు. స్క్రీన్ మూల ఎర్రచుక్క వెలిగింది.

జగదీష్ పంచాంగం తీశాడు. మూఢం!

ఒకసారి అమావాస్యనాడు అప్‌డేట్ చేస్తే ప్రింటర్ మొండికేసింది. కేబుల్ ఊడిందని తర్వాత తేలినా, నింద అమావాస్యకే ఖాయమైంది. మూఢంలో పెళ్లిళ్లుండవు గనక దుకాణం ఖాళీ. ఫ్యాన్ కింద కూర్చుని, ఎర్రచుక్కను చూస్తూ మూఢమంతా గడిపేశాడు. అది వెళ్లిన మర్నాడే జనం విరుచుకుపడ్డారు. ఇక అప్‌డేట్‌కి తీరికేదీ? ఫోటోలు వద్దని అందరినీ ఒప్పిస్తూ నెట్టుకొచ్చాడు.

చికిటి నుంచి వచ్చిన భీమేశ్వరరావు ఒప్పుకోలేదు. ఆ ఊరి పెళ్లిపత్రికలన్నీ ఆయన మాటమీదే ఈ దుకాణానికి వస్తాయి. ఇప్పుడు సొంత కొడుకు పెళ్లి. ఆయన కళ్లముందే ప్రోగ్రామ్ మళ్లీ మూసుకుపోయింది.

"ఏటి బాబూ, మావోడి మొహం సూస్తే నీ మిషన్ కళ్లు మూసేస్తోంది?"

"నా తప్పేటీ లేదు మావయ్యా. ఊరికే ఇచ్చినోళ్ల పని ఇలాగే ఏడుస్తాది."

"ఎవుల తప్పయితే నాకేటి? సాయంత్రం బస్సుకి ఎల్లాలి. అవ్వదంటే సెప్పు, పక్కవీధిలో ఏయించుకుంటాను. మా ఊరోళ్లకీ అక్కడికే ఎల్లమంటాను."

జగదీష్ భార్య పద్మిని పాపను చంకనేసుకుని లోపలి గదిలోంచి వచ్చింది.

"ఆ ఎర్రసుక్క నొక్కండి."

"రాహుకాలం ఎల్లనీ."

"పాపకి టీకా ఏయించినప్పుడు రాహుకాలం సూసారేటి? ఆలిస్యమైపోతోందని నర్సమ్మ మీద ఎగిరారు గదా!"

"అది రోగం రాకుండా ఏసేది."

"ఇది వొచ్చిన రోగానికే. మీరే తిట్టి తెప్పించుకున్నారు!"

అతను పంచాంగం తిరగేస్తుండగానే ఆమె నొక్కేసింది. పాప కూడా ఓ చెయ్యి వేసింది. భీమేశ్వరరావు టీ తాగి వచ్చేసరికి అప్‌డేట్ అయిపోయింది. ఫోటోలు సేవ్ అయ్యాయి. ప్రింటర్ కదిలింది.

"ఈ పని ముందే సేసి ఏడవొచ్చు గదా!" అంటూ ఆయన పత్రికల సంచీతో బస్సుకి వెళ్లాడు.

ఆ సాయంత్రం జగదీష్ ఫిర్యాదుల పేజీ తెరిచి, 'ఇంత ఆలస్యంగా సరిచేస్తే మాలాంటివాళ్లు బతికేదెలా?' అని రాశాడు.

మర్నాడు పొద్దున్నే ఇంకో ఎర్రచుక్క వెలిగింది. పద్మిని చెయ్యి చాపింది.

"ఆగు," అన్నాడు జగదీష్. "రాహుకాలం రానీ. మనకి అదే కలిసొచ్చింది."