అత్తగారికి సైకిల్ పెడల్

మా బావ గుర్రపుస్వారీ నేర్పే బడిలో మాస్టారు. ఆయన ఎక్కే ఆడగుర్రం పేరు అత్తగారు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, మేత ఆలస్యమైతే అది మూతి తిప్పుకునే తీరు చూస్తే పెట్టినవాళ్లను తప్పుపట్టలేం. దాన్ని ఇన్నేళ్లుగా బావ తప్ప ఇంకెవరూ ఎక్కలేదు.

ఆ పేరుతో మా ఇంట్లో ఒక చిక్కుంది. మా అమ్మ అక్కావాళ్లతోనే ఉంటుంది. ఆవిడకు చెవులు తనకు కావలసినప్పుడే పనిచేస్తాయి. "అత్తగారు ఇవాళ సరిగ్గా తినలేదు" అని బావ అక్కతో అంటే, వెనక గదిలోంచి "తిన్నాను బాబూ, మారు కూడా వడ్డించుకున్నాను" అని జవాబొస్తుంది. "మీరు కాదత్తయ్యా, గుర్రం!" అని ఆయన గొంతు చించుకోవాలి. రోజూ చించుకునేవాడు.

బావ ఎడమ కాలు కుడికాలి కంటే రెండు వేళ్ల మందం పొట్టి. చిన్నప్పుడు విరిగిన ఎముక సరిగ్గా అతుక్కోలేదు. బూటులో అట్టముక్కలు పెట్టుకుని నెట్టుకొచ్చాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. తెలిసినా తెలియనట్టు ఉండడం మా అలవాటు. అయితే గుర్రం మీద అట్టముక్కలు పనిచెయ్యవు. జీనుకు రెండు పక్కలా తోలు పట్టీలతో వేలాడే ఇనుప రికాబుల్లో పాదాలు పెట్టి కూర్చోవాలి. ఎడమ పాదం అందక, కాలు సాగదీసి సాగదీసి, చివరికి ఆయన మోకాలు బన్నులా పొంగింది.

వానాకాలం సెలవులిచ్చేటప్పుడు బడి యజమాని పిలిచి చెప్పాడు. బడి తెరిచేనాటికి స్వారీ చెయ్యగలిగితే సరే. లేకపోతే అత్తగారు కొత్త మాస్టారికి, బావకు కుర్చీ. కూర్చుని పాఠం చెప్పుకోవచ్చు, కుర్చీ మెత్తగా ఉంటుంది అని కూడా అన్నాడట. బావ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ గుర్రాన్ని తీసేసుకుంటే ఈ మనిషి ఏమైపోతాడోనని నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు అక్క నా సైకిల్ షాపుకొచ్చింది. "ఊళ్లోవాళ్ల బళ్లన్నీ బాగుచేస్తావు, సొంత బావకి పనికిరావట్రా?"

దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎడమ పట్టీని ఒక చిల్లు పైకి బిగిస్తే రికాబు పైకొస్తుంది. ఆ మాటే బావతో అన్నాను.

"పిల్లలు చూస్తారు," అన్నాడు.

"చూస్తే?"

"రెండు పట్టీలూ సమానంగా ఉండాలని రోజూ వాళ్ల ప్రాణం తీసేది నేనేరా!"

అంటే, చూడడానికి సమానంగా ఉండాలి, ఉండడం మాత్రం ఉండకూడదు. అలాంటి వస్తువు చెయ్యమంటే ఎవడికైనా ఒళ్లు మండుతుంది. మండుతూనే చేశాను. వేరే రికాబుల జత తెచ్చి, పాదం ఆనే ఇనుప పట్టీ కోసేసి, అక్కడ సైకిల్ పెడల్ అడ్డంగా బిగించాను. బేరింగులున్నాయి కాబట్టి పాదం ఎలా వంగితే అలా తిరుగుతుంది. ఎడమదాంట్లో పెడల్ రెండు వేళ్లు పైకి. చట్రాలు రెండూ ఒకే ఎత్తు. లోపలి మోసం కనబడకుండా తోలు తొడుగులు కూడా కుట్టించాను.

బడి తెరవకముందే యజమాని, కొత్త మాస్టారు ఎదుట పరీక్ష పెట్టాం. అక్క కూడా వచ్చింది. బావ ఎక్కి పాదాలు ఆనించాడు.

"నొప్పి లేదు," అన్నాడు. కాస్త ఆగి, "నొప్పి లేదురా!" అన్నాడు. నా పెళ్లిలో కూడా ఆయన మొహం అంతలా వెలగలేదు.

గుర్రాన్ని అదిలించాడు. అత్తగారు కాస్త దూరం నడిచి, కుడికి తిరిగి, కంచెను ఆనుకుని నిలబడింది. వెనక్కి తెచ్చి మళ్లీ అదిలించాడు. మళ్లీ కుడికే. కంచె దగ్గర టీ తాగుతున్న యజమాని గ్లాసులో మూతి పెట్టింది.

"నీ పెడల్ నా గుర్రాన్ని పాడుచేసిందయ్యా," అని యజమాని నామీద విరుచుకుపడ్డాడు. బేరింగులు విప్పి చూసుకున్నాను. నా తప్పేమీ కనబడలేదు. మామూలుగా నాకు కనబడదు కూడా.

యజమాని పాత రికాబులు తగిలించి కొత్త మాస్టారిని ఎక్కమన్నాడు. బావ దిగి పక్కకు తప్పుకున్నాడు. ఇక అత్తగారు మన చెయ్యి దాటిపోయినట్టేననుకున్నాను. కొత్త మాస్టారు మేకు దిగేసినట్టు నిటారుగా కూర్చుని అదిలించాడు. అత్తగారు కుడికి తిరిగి కంచెను ఆనుకుంది.

అప్పటిదాకా నోరు మెదపని అక్క, "ఆ పాత వాటితోనే మీరోసారి ఎక్కండి," అంది బావతో.

బావ పళ్లబిగువున ఎక్కి, ఎప్పట్లాగే ఎడమకు ఒరిగి కూర్చున్నాడు. అత్తగారు గీత గీసినట్టు తిన్నగా నడిచింది.

"చూశారా? ఈయన ఎడమకి ఒరుగుతారు. అది కుడికి లాక్కుని సరిచేసుకుంటోంది. ఇన్నేళ్లూ అంతే," అంది అక్క.

"ఎడమకెందుకు ఒరగడం?" అన్నాడు యజమాని.

నేను మళ్లీ బేరింగులు తుడవడం మొదలుపెట్టాను. అక్క నేలచూపులు చూసింది. బావ గుర్రం దిగాడు.

"నా ఎడమ కాలు పొట్టిదండీ."

"అది అందరికీ తెలిసిందేగా. ఒరగడమెందుకని అడిగా," అన్నాడు యజమాని.

బావ అత్తగారి మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఇన్నాళ్లూ దీన్ని నేను నడిపిస్తున్నాననుకున్నా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చేతులకు గ్రీజు ఉండడంతో తుడుచుకోవడం కుదరలేదు.

వంకరగా నడిచే గుర్రం తనకొద్దని కొత్త మాస్టారు అప్పుడే తేల్చేశాడు. "నీ మూలానే వంకరపోయింది, నువ్వే బాగుచేసుకో," అని యజమాని బావకే అప్పజెప్పాడు. కుర్చీ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ మర్నాటినుంచి బావ పెడల్ రికాబులతో ఎక్కేవాడు. అది కుడికి పోయేది, ఈయన బతిమాలి తెచ్చేవాడు. ఓరోజు షాపుకొచ్చి, "ఆ తోలు తొడుగులు పీకెయ్యరా, పాదాలకి చెమట పడుతోంది," అన్నాడు. పీకేశాను. బడి తెరిచాక పిల్లలు చూశారు, అడిగారు, చెప్పాడు. పట్టీలు సమానంగా లేవని మర్నాడు వాళ్లకు మామూలుగానే చీవాట్లు పడ్డాయి.

ఒకనాటి సాయంత్రం నేను వాళ్లింట్లో ఉండగా బావ వచ్చాడు. బూట్లు విప్పుతూ, అట్టముక్కలు అందరి ముందూ తీసి గుమ్మం పక్కన పెట్టి, "ఇవాళ అత్తగారు తిన్నగా నడిచింది," అన్నాడు అక్కతో.

వెనక గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "నేనెప్పుడూ తిన్నగానే నడిచాను బాబూ. వంకరంతా నీదే."

ఆయన గొంతు చించుకుంటాడని ఎదురుచూశాం.

"అవునత్తయ్యా," అన్నాడు బావ. "నాదే."