తాబేలుకు చేతులిచ్చిన చిన్నాయన

మొన్న పొద్దున స్టూడియోలో కంప్యూటర్ తెరుస్తుండగా తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, చిన్నాయన పోయిండు. చాయ్ తాపుదామని చిన్నమ్మ లేపితే లేవలే," అన్నాడు. "ఎట్ల?" అన్నాను. "ఎట్లేంది అక్కా, పోయిండు," అన్నాడు. ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. వాడు ధామన్కర్ నాకా చౌరస్తాలో ఉన్నట్టున్నాడు. ఆటోవాళ్లు సవారీల కోసం అరుస్తుండటం నాకు వినిపిస్తూనే ఉంది.

చిన్నాయన మా బాపుకు తమ్ముడు. పెళ్లి కాకముందే సిరిసిల్ల దిక్కు నుంచి ముంబై పక్కనున్న భివండీకి వచ్చి, అక్కడి కనేరీ పేటలో ఒక సేటు కార్ఖానాలో కూలికి కుదిరాడు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ సాంచెలే నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. శాంతి నగర్‌లో ఆయన గది మా గదిని ఆనుకునే ఉంటుంది. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. బడి నుంచి వచ్చి సంచులు మా గదిలో పడేసి, దీపాలు పెట్టేదాకా మేం వాళ్ల గదిలోనే ఉండేవాళ్లం.

సాంచెల మధ్య మనిషి గొంతు పనికిరాదు. అందుకని అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందంటే ఒక సైగ. నూలు కండె అయిపోయిందంటే ఒకటి. సేటు వస్తున్నాడని చెప్పాలంటే పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పుతారు. ఆ మోతలో ఏళ్లు గడిచేసరికి చిన్నాయనకు చెవులు పూర్తిగా పోయాయి. ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. నోటితో మాట్లాడినా, తన గొంతు తనకు వినిపించదు కాబట్టి గల్లీ చివరిదాకా వినపడేలా మాట్లాడేవాడు. మేం ఏమన్నా చెప్పాలంటే ఆయన ఎదురుగా నిలబడి పెదవులు బాగా కదిపి చెప్పాలి.

ఆ గదిలో ఒక పాత టీవీ ఉండేది. మేం బొమ్మల సినిమాలు పెట్టుకుంటే ఆయన కూడా మా మధ్యన కూర్చుని చూసేవాడు. వినపడేది కాదు కాబట్టి కథ సొంతంగా చెప్పేవాడు. ఒకసారి ఒక నక్క పుచ్చకాయల బండి నుంచి కాయ ఎత్తుకుని పరిగెడుతోంది. హిందీలో దాన్ని దొంగ అంటున్నారు. చిన్నాయన మాత్రం, అది హమాలీ అనీ, పెళ్లానికి జ్వరమొస్తే సేటు ఛుట్టీ ఇయ్యలేదనీ, ఆమె నోటికి చల్లగా ఉంటుందని కాయ తీసుకుపోతోందనీ చెప్పాడు.

తమ్ముడు ఊరుకోలేదు. ఆయన ముందుకు పోయి నిలబడి, "గట్ల కాదు చిన్నాయనా, వో చోర్ హై! టీవీల చెప్తున్నడు!" అన్నాడు.

"టీవీవోడు చెప్తె అయిపాయెనా? దాని మొకం జూడు. చోరీ చేసేటోని మొకం గట్లుంటదా?"

మేం చూశాం. నిజంగానే ఆ నక్క ముఖంలో దొంగతనం కనిపించలేదు. ఆ తర్వాత ఆ బొమ్మను ఎన్నిసార్లు వేసినా మాకు ఆ హమాలీయే కనబడ్డాడు.

చిన్నప్పుడు ఊళ్లో ఆయన పటం కథలు చూశాడట. గుడ్డ మీద గీసిన బొమ్మలను పుల్లతో చూపిస్తూ కథ చెప్పేవాళ్లు వచ్చేవారట. ఒకే పటమైనా, ఏడాదికోసారి వచ్చే మనిషి మారితే కథ కూడా కొంచెం మారేదట. "బొమ్మ ఎవలన్న గియ్యనీ. కథ చెప్పేటోనిదే," అనేవాడు. ఆయన కథల్లో సగం ఆ పటాల నుంచి వచ్చినవి, కొన్ని కార్ఖానాలో పక్కవాళ్లు చెప్పినవి. ఎక్కడిది ఎక్కడ అతికించాడో కనిపెట్టడం నా వల్ల కాలేదు.

నేను బొమ్మలు గీయడం నేర్చుకుని ముంబైలో ఒక యానిమేషన్ స్టూడియోలో చేరాను. మా పని గురించి మీకు కొంచెం చెప్పాలి. మా బల్లల మీద అద్దాలుంటాయి. కోపం గీయాలంటే ముందు మేం కోపంగా ముఖం పెట్టి చూసుకుంటాం. నడక వీధికుక్క నుంచి తెచ్చుకుంటాం, వెలుతురు ఎవరో పాత చిత్రకారుడి నుంచి, కథ ఎవరి అమ్మమ్మ నుంచో. ఒక సన్నివేశం ఎలా ఉండాలో చెప్పడానికి మా డైరెక్టర్ వేరే దేశం సినిమా ముక్క చూపిస్తాడు. దీనికంతా మేం పెట్టుకున్న పేరు రెఫరెన్స్. చేరిన కొత్తలో నాకు అది మింగుడు పడలేదు. నాదని చెప్పుకునేది ఒక్కటీ లేనప్పుడు నేను చేస్తున్నదేమిటి అనిపించేది. ఒక ఆదివారం చిన్నాయనకు ఎదురుగా కూర్చుని ఆ బాధ చెప్పుకున్నాను.

ఆయన అన్నంలో పెరుగు కలుపుకుంటున్నాడు. గిన్నె ఎత్తి చూపించాడు. "గీ పెరుగుకు తోడు యాడికెల్లి వచ్చింది?"

"పక్కింటికెల్లి."

"ఆల్లకు?"

"ఇంకెవలో ఇచ్చి ఉంటరు."

"మరి పెరుగెవలిది?"

"మనదే."

"గంతే బిడ్డా. తోడు ఎవలదన్న గానీ, పాలు మాత్రం నీయి ఉండాలె."

ఆ తర్వాత మా స్టూడియోకు ఒక పిల్లల సినిమా వచ్చింది. అందులో చెవులు వినపడని ఒక ముసలి తాబేలు ఉంటుంది. అందరూ ఎప్పటిలాగే పాత సినిమాల్లో ముసలి జంతువులు ఎలా కదిలాయో చూడటం మొదలుపెట్టారు. నేను మా చిన్నాయన చేతుల గురించి చెప్పాను. డైరెక్టర్ సరేనన్నాడు. వీడియో తీయడానికి వెళ్తే ఆయన ఇస్త్రీ అంగీ వేసుకుని, తల దువ్వుకుని గడపలో తయారుగా ఉన్నాడు.

"తాబేలుకు అంగీ ఉంటదా బిడ్డా? ఇప్పమంటవా?" అని అడిగాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ పూటంతా ఆయన నాకోసం కోప్పడ్డాడు, బతిమాలాడు, వర్షం వస్తోందన్నాడు, పిల్లలను తిన్నగా నడవమన్నాడు. అన్నీ చేతులతోనే. చివరకు అలసిపోయి కూర్చుని, "గివి నా చేతులనుకుంటున్నవా? నాకు సాంచె నేర్పిన ఉస్తాద్‌యి. ఆయన యూపీకెల్లి తెచ్చుకున్నడు. ఆయనకు ఎవలిచ్చిన్రో," అన్నాడు. ఇచ్చేస్తున్నందుకు సంతోషంగానే ఉన్నాడు. ఆ తాబేలును నేను ప్రాణం పెట్టి గీశాను.

సినిమా పూర్తికాకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నాలుక మడతపడి మాట ముద్దగా వచ్చేది. ఆస్పత్రిలో డాక్టరు, కసరత్తు చేయిస్తే కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. చిన్నమ్మ రోజూ ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే చాపేది. వదలగానే అవి మళ్లీ ముడుచుకుపోయేవి.

మిగతా ఇళ్లలో మనిషికి మాట పడిపోతే సైగలుంటాయి. మాకు ఆ దారి కూడా పోయింది. చిన్నాయన సైగల్లో చాలావాటికి రెండు చేతులు కావాలి. ఆయన ఎడమ చేత్తో సగం చెప్పి, మిగతా సగం కోసం మా వైపు చూసేవాడు. మేం నీళ్లు ఇచ్చేవాళ్లం, దుప్పటి కప్పేవాళ్లం, ఫ్యాన్ ఆపేవాళ్లం. ఏదీ కాదన్నట్టు తల ఊపేవాడు. "ఏమంటున్నడో సమజైతలేదు బిడ్డా. ఇన్నేండ్లు కాపురం చేసిన, నాకే సమజైతలేదు," అని చిన్నమ్మ ఏడ్చేది. ఆ ఏడుపు చూసి ఆయన చెయ్యి దించేసేవాడు. అలా దించేయడం చూడటమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

సినిమా తయారయ్యాక స్టూడియోలో అడిగి, నా ల్యాప్‌టాప్‌లో ఇంటికి తీసుకెళ్లాను. దిండ్లు పేర్చి ఆయన్ను కూర్చోబెట్టాం. తాబేలు రాగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. అది నదికి అడ్డంగా నిలబడి, పిల్లతాబేళ్లను వెనక్కి పొమ్మని రెండు చేతులతో చెప్పే చోట, చిన్నాయన ఎడమ చెయ్యి దానితో పాటు లేచింది. ఆ తర్వాత వేలితో తెరను గట్టిగా పొడిచాడు. ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే పొడిచాడు. చేత్తో సగం సైగ చేశాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"తప్పు గీసిన్నా చిన్నాయనా?" ఆయన ముఖానికి ఎదురుగా వెళ్లి అడిగాను. తల ఊపలేదు.

"మంచిగున్నదా?" దానికీ ఊపలేదు. మళ్లీ అదే సగం సైగ.

తమ్ముడు పరుగున వెళ్లి, ఆయన పక్కనే సాంచెలు నడిపిన దోస్తును పిలుచుకొచ్చాడు. ఆ పెద్దమనిషి మంచం పక్కన కూర్చుని, ఆ చెయ్యినే చాలాసేపు చూశాడు. తను కూడా ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తి, అలాగే చేసి చూసుకున్నాడు.

"సగమే ఉన్నది గద బిడ్డా," అన్నాడు చివరకు. "రెండో చెయ్యి మీదికొస్తె, పోగు తెగింది, ఆపుమని. కిందికొస్తె, మంచిగ నడుస్తుంది, నడువనియ్యిమని. ఏదని చెప్పాలె?"

చిన్నాయన మా అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల వైపు జారాయి. చిన్నమ్మ తుడిచింది.

నేను స్టూడియోకు తిరిగి వచ్చి ఆ దృశ్యం ఎన్నోసార్లు చూశాను. మణికట్టు కొంచెం తిప్పి చూశాను, వేగం తగ్గించి చూశాను. ఏది దిద్దాలో, అసలు దిద్దాలో వద్దో చెప్పగలిగిన ఒక్క మనిషీ శాంతి నగర్‌లో మంచం మీద ఉన్నాడు. మార్చిన వీడియోలు తీసుకెళ్తే ఆయన తెర వైపు చూసి, చెయ్యి ఎత్తకుండా ఊరుకునేవాడు. గీసింది గీసినట్టే వదిలేశాను. సినిమా అలాగే బయటికి వెళ్లింది. పిల్లలకు ఆ తాబేలు నచ్చిందని అందరూ అంటున్నారు. ఆయనకు నచ్చిందో లేదో నాకు తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు.

మొన్న నేను చేరేసరికి పాడె కట్టేశారు. చిన్నమ్మ ఏడవడం లేదు. ముడుచుకున్న ఆ కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే చాపబోతూ కూర్చుంది. అవి కదలడం లేదు. లేవనెత్తే వేళకు ఎవరో చెప్పారేమో, గల్లీకి రెండు పక్కలా ఉన్న కార్ఖానాలవాళ్లు సాంచెలు ఆపారు. పుట్టి పెరిగిన ఆ గల్లీని అంత నిశ్శబ్దంగా నేనెన్నడూ వినలేదు. అప్పుడే ఎదుటింటి ఉయ్యాలలో ఒక పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. పుట్టినప్పటి నుంచీ ఆ మోతలోనే నిద్రపోయిన పిల్ల. వాళ్లమ్మ ఎత్తుకుంది, భుజాన వేసుకుంది, గుమ్మంలో అటూ ఇటూ తిరిగింది. పాడె మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఏడుపు వినబడుతూనే ఉంది. మళ్లీ సాంచెలు నడిచాకే ఆ పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి కళ్లు మూసింది.